మల్కు చెవిని ముట్టిన చెయ్యి

2025 అక్టోబర్ 17న నిజామాబాద్‌లో ఒక కానిస్టేబుల్ వాహనాల దొంగతనం కేసులో నిందితుణ్ణి పట్టుకుని, బైక్ మీద స్టేషన్‌కు తీసుకెళ్తున్నారు. దారిలో ఆ నిందితుడు కత్తి తీసి ఆయన్ను పొడిచాడు. కానిస్టేబుల్ ప్రాణాలు విడిచారు. ఇది నిర్జన ప్రదేశంలో జరగలేదు. జనం తిరిగే పట్టణంలో జరిగింది. చుట్టూ ఉన్నవాళ్లు సాయానికి రాలేదని, కొందరు సెల్‌ఫోన్లలో వీడియో తీస్తూ నిలబడ్డారని అప్పట్లో వార్తలొచ్చాయి. రెండు రోజుల తర్వాత, పారిపోతున్న ఆ నిందితుణ్ణి ఒక సామాన్య యువకుడు అడ్డుకుని తానూ గాయాలపాలయ్యాడు. చూస్తూ నిలబడినవారూ, అడ్డుపడిన యువకుడూ మనలాంటి మనుషులే. ఆ చోట మనమే ఉండి ఉంటే ఎవరి పక్కన కనిపించేవాళ్లం?

ఈ ప్రశ్న వేస్తే సంఘాల్లో మూడు జవాబులు వినిపిస్తాయి. ‘వాళ్ల చేతిలో లాఠీ ఉంది, నడుముకు తుపాకీ ఉంది, వాళ్లకే దిక్కులేనప్పుడు మనమేం చేస్తాం?’ అన్నది మొదటిది. ‘సాయం చేస్తే సాక్షిగా స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి’ అన్నది రెండోది. మూడోది మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. ‘మనవాళ్లను కొట్టిన రోజున ఆ పోలీసులు ఎక్కడున్నారు?’ మొదటి రెండూ భయంలోంచి వచ్చిన మాటలు. మూడోది గాయంలోంచి వచ్చిన మాట. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్లు, మందిరాలు తగలబడినప్పుడు పోలీసులు తమను కాపాడలేదని ఎందరో బాధితులు వాపోయారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లి స్టేషన్ గుమ్మంలోనే అవమానపడి తిరిగొచ్చిన పేద కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి. అలాంటివారితో పోలీసు ప్రాణం కాపాడమని చెప్పడం సులువు కాదు. అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే మన ప్రభువు అంతకంటే కష్టమైన చోట నిలబడి ఆ పని చేశాడు.

గెత్సేమనే తోటకు ఆ రాత్రి దివిటీలతో, ఆయుధాలతో వచ్చినవారిలో సైనికులున్నారు, యూదుల బంట్రౌతులున్నారు. వారితోపాటు ప్రధాన యాజకుని దాసుడైన మల్కు ఉన్నాడు. వాళ్లు వచ్చిన పని న్యాయమైనది కాదు. ఏ నేరమూ చేయనివాణ్ణి జనం కంటపడకుండా చీకట్లో పట్టుకోవడానికి వచ్చారు. పేతురు కత్తి దూసి మల్కు కుడిచెవి నరికాడు (యోహాను 18:10). అధికారుల ఆజ్ఞ మీద వచ్చిన మనిషి మీద జరిగిన దాడి అది. తనను పట్టుకోవడానికి వచ్చినవాడికి తగిన శాస్తి జరిగిందని యేసు అనుకోలేదు. పేతురును ఆపి, కత్తిని ఒరలో పెట్టమన్నాడు. తెగిన చెవిని ముట్టి బాగుచేశాడు. చెవి తెగిన సంగతి నాలుగు సువార్తలూ చెబుతాయి. అది బాగైన సంగతి మాత్రం వైద్యుడైన లూకా ఒక్కడే రాశాడు (లూకా 22:51). మల్కు కృతజ్ఞత చెప్పినట్టు ఎక్కడా లేదు. వచ్చినవాళ్లు వచ్చిన పని మానుకోనూ లేదు. స్వస్థపరచిన చేతులనే కాసేపటికి బంధించారు. అంటే, ఆ బృందం చేస్తున్న అన్యాయాన్ని ప్రభువు సమర్థించలేదు, వారిలో ఒకడికి తగిలిన గాయాన్ని ఉపేక్షించనూ లేదు.

ఈ పాఠాన్ని పౌలు ఫిలిప్పీ పట్టణంలో ఆచరించాడు. విచారణ లేకుండా పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టించారు. చెరసాల నాయకుడు వారిని లోపలి గదిలో వేసి, కాళ్లకు బొండ బిగించాడు. అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని ఆ నాయకుడు తన కత్తితోనే చనిపోబోయాడు. పౌలు మౌనంగా ఉండి ఉంటే తనను బంధించినవాడు అక్కడే కూలిపోయేవాడు. వీపు మీద గాయాలు ఆరకముందే పౌలు బిగ్గరగా కేకవేసి అతణ్ణి ఆపాడు (అపొ.కా. 16:28). ఆ రాత్రే ఆ నాయకుడు వారి గాయాలు కడిగాడు, ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు. అన్నిసార్లూ ఇలాంటి ఫలితం వస్తుందని చెప్పలేం. మల్కు విషయంలో రాలేదు కూడా. ఫలితం చూసి చేసేది వ్యాపారం. పొరుగువాడి ప్రాణం కనుక చేసేది ప్రేమ.

చూస్తూ నిలబడడం గురించి కూడా పరిశుద్ధ గ్రంథం మౌనంగా లేదు. పొరుగువాని ప్రాణహానికి సంబంధించి లేవీయకాండం 19:16లో ఉన్న ఆజ్ఞకు హెబ్రీ మూలంలో ‘రక్తం మీద నిలబడవద్దు’ అనే భావం ఉంది. పొరుగువాడి రక్తం ఒలుకుతుంటే చేతులు కట్టుకుని నిలబడవద్దని యూదు బోధకులు దీన్ని వివరించారు. స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు సౌలు రాయి విసిరినట్టు లేదు. కొట్టేవాళ్ల బట్టలకు కాపలాగా నిలబడ్డాడు, అంతే. ఏళ్లు గడిచాక కూడా ఆ నిలబడడాన్నే తన నేరంగా ఒప్పుకున్నాడు (అపొ.కా. 22:20). ఈ రోజుల్లో బట్టల బదులు మన చేతుల్లో సెల్‌ఫోన్ ఉంది.

దేశ చట్టమూ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. నిందితుణ్ణి పట్టుకోవడానికో, పారిపోకుండా ఆపడానికో పోలీసు అధికారి సహేతుకంగా సాయం కోరితే ప్రతి పౌరుడూ సాయపడాలని 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 31వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ ఇదే నియమం ఉంది. కావాలని సాయం నిరాకరిస్తే శిక్ష కూడా ఉంది. మరొకరి శరీరాన్ని దాడినుంచి కాపాడే హక్కును భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ అందరికీ ఇస్తోంది. అయితే ఆ రక్షణకు అవసరమైనంత మేరకే బలం వాడాలి. విశ్వాసికి చట్టం కంటే ముందే ప్రేమాజ్ఞ ఉంది. చట్టం అడిగినదానికంటే తక్కువ చేసి ప్రేమించామని చెప్పుకోలేం.

అలాగని కత్తి పట్టుకున్నవాడి మీదికి ప్రతి ఒక్కరూ ఒంటరిగా దూకాలని కాదు. దేవుడిచ్చిన ప్రాణాన్ని తెలివితక్కువగా పోగొట్టుకోవడం విశ్వాసం అనిపించుకోదు. చేతనైనంత చేయాలి. కేకలు వేసి నలుగురినీ పోగు చేయవచ్చు. పదిమంది కలిసి ముందుకొస్తే కత్తి ఉన్నవాడు కూడా వెనకాడతాడు. వృద్ధులు, స్త్రీలు సైతం 112కు, 108కి ఫోన్ చేయగలరు. గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపెట్టి రక్తాన్ని ఆపవచ్చు. ఆటో ఉన్నవాడు ఆటో ఆపి ఆస్పత్రికి చేర్చవచ్చు. చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పవచ్చు. మంచి సమరయుడు దొంగలతో పోరాడలేదు. గాయాలు కట్టాడు, తన వాహనం ఇచ్చాడు, రెండు దేనారాలు ఖర్చుపెట్టాడు, మళ్లీ వస్తానని బాధ్యత తీసుకున్నాడు. సాక్షి కోర్టుకు ఒంటరిగా వెళ్లే పరిస్థితి లేకుండా ఇద్దరు సంఘ పెద్దలు తోడు వెళ్తే రెండో భయం సగం తగ్గుతుంది. యౌవనస్థుల కూడికల్లో ఒక్క శనివారం ప్రథమ చికిత్స నేర్పినా మేలే.

ఇంకొక్క మాట. యేసు మల్కును కాపాడిన చోటే పేతురు కత్తినీ ఆపాడు. దాడి చేసినవాణ్ణి పట్టుకున్నాక గుంపుగా కొట్టి చంపడం సాయం కాదు, మరో హత్య. నిజామాబాద్ నిందితుడు 2025 అక్టోబర్ 20న ఆస్పత్రిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయుధం లాక్కోబోయాడని పోలీసులు చెప్పారు. అతని నేరం ఎంత ఘోరమైనదైనా, తీర్పు చెప్పవలసింది న్యాయస్థానం. అతని మరణానికి చప్పట్లు కొట్టడం క్రైస్తవులకు తగదు. పోలీసే ఒక నిరాయుధుణ్ణి చావబాదుతున్నప్పుడు కూడా అడ్డుపడే మాట మన నోట రావాలి. అప్పుడే పోలీసు కోసం మనం వేసే అడుగు అధికారానికి చేసే పొగడ్త కాకుండా, దేవుని పోలికలో ఉన్న మనిషి కోసం వేసే అడుగు అవుతుంది.

1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో అసువులు బాసిన పదిమంది పోలీసుల జ్ఞాపకార్థం ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం జరుగుతుంది. అధికారుల కోసం ప్రార్థించమన్న అపొస్తలుని మాట ప్రకారం (1 తిమోతి 2:1, 2) మన సంఘాలూ ఆదివారాల్లో ప్రార్థిస్తూనే ఉన్నాయి. ఎండలో కూడలిలో నిలబడిన కానిస్టేబుల్‌కు కూడా ఇంటి దగ్గర ఎదురుచూసే భార్యాపిల్లలున్నారు. ఆదివారం ఎవరి కోసం మోకరించామో, సోమవారం అతడు రోడ్డు మీద పడిపోయి ఉంటే దాటిపోకుండా ఆగే మనసు ప్రభువు మనందరికీ దయచేయును గాక.