మంచు సముద్రానికి మేత ఎక్కడిది?

వెచ్చని సముద్రంలో జీవం ఎక్కువా, మంచుగడ్డలు తేలే సముద్రంలోనా? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలంతా ఒక్క గొంతుతో 'వెచ్చని దాంట్లోనే' అంటారు. వాళ్ల తప్పేమీ లేదు. నేల మీద చూసిందే చెబుతున్నారు. కానీ దక్షిణార్ధగోళంలోని నీలి తిమింగలాలు వేసవిలో మేత కోసం అంటార్కిటికా వైపే వెళ్తాయి. అక్కడ వాటి ఆహారం క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవి. ఆ క్రిల్‌కు ఆహారం కంటికి కనిపించని వృక్ష ప్లవకాలు.

భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ ప్లవకాలదే. అయినా ఆహారపు గొలుసు పాఠంలో వాటిని ఒక పేరుగా రాయించి మనం దాటిపోతున్నాం. 'ఎందుకు' అన్నది చెప్పకుండా పేరు మాత్రమే రాయిస్తే అది సైన్సు కాదు, డిక్టేషన్.

అసలు కారణం కష్టమైనదేమీ కాదు. ఉష్ణమండలంలో పైనీరు వేడెక్కి తేలికవుతుంది. పాల మీద మీగడలా పైనే నిలుస్తుంది. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు అడుగు నీటిలో ఉండిపోతాయి. పైన ఎండ ఉన్నా ఎరువు అందదు. ధ్రువాల దగ్గర చలికాలపు తుఫానులు నీటిని చిలికి ఎరువును పైకి తెస్తాయి. వేసవిలో రాత్రీ పగలూ వెలుతురే. మంచు అంచు కరిగే చోట డయాటములు ఒక్కసారిగా విజృంభిస్తాయి.

అయితే అక్కడా అన్నిచోట్లా పచ్చదనం ఉండదు. అంటార్కిటికా చుట్టూ చాలా మేర నైట్రేట్లు మిగిలిపోతున్నా ప్లవకాలు పెరగవు. కూరలో అన్నీ వేసి ఉప్పు మరిచినట్టు, అక్కడ ఇనుము తక్కువ. ఎడారుల దుమ్ము అంత దూరం పెద్దగా చేరదు. అమెరికా శాస్త్రవేత్త జాన్ మార్టిన్ ఈ వాదాన్ని 1990లో గట్టిగా ముందుకు తెచ్చారు. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి పోలార్‌స్టెర్న్ నౌకలో వెళ్లి దాదాపు 300 చదరపు కిలోమీటర్ల మేర నీటిలో ఇనుము కలిపి చూసింది. ప్లవకాలు పెరిగాయి. కానీ సిలికా లేక డయాటములు పెరగలేదు. పెరిగిన వాటిని చిన్న జీవులు మేసేశాయి. గాలిలోని కార్బన్ సముద్రపు అడుగుకు చేరుతుందన్న ఆశ పెద్దగా నెరవేరలేదు. ఒక లోటు తీరిస్తే ఇంకో లోటు బయటపడింది. ఇంత మంచి పాఠాన్ని పిల్లలకు చెప్పకపోవడం మన లోపమే.

ఇది ఎక్కడో జరిగే సంగతి కూడా కాదు. గోదావరి, మహానది, గంగ తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద మూతలా పరుచుకుంటుంది. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాలు తక్కువగా ఉండటానికి అదొక ముఖ్య కారణం. ఆర్కిటిక్‌లో కరిగే మంచు వేసేదీ అలాంటి మూతే. అక్కడ మంచు తగ్గి వెలుతురు పెరగడంతో 1998 నుంచి 2018 మధ్య ప్లవకాల ఉత్పత్తి 57 శాతం పెరిగిందని అంచనా. ఇకముందు ఎంత పెరుగుతుందన్నది అడుగు నుంచి ఎరువు ఎంత అందుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంది. యానాంలోనో బరంపురంలోనో చదివే పిల్లలు తమ సముద్రం నుంచే ఆర్కిటిక్‌ను అర్థం చేసుకోగలరు.

'ఇది ఏ పరీక్షలో వస్తుంది మాస్టారూ?' అని ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. సైన్సంటే ఇంగ్లీషులోనే కదా అన్న అనుమానం కూడా ఆయన మాటలో ఉంది. తల్లిదండ్రులందరికీ మా జవాబు ఇదే. ఇంగ్లీషు పదాలు తప్పకుండా నేర్పుతాం. ఫైటోప్లాంక్టన్ అన్న మాట పై తరగతుల్లో కావాలి. కానీ 'ప్లవకం' అంటే తేలేది. పేరులోనే అర్థం ఉంది. మీగడ, మూత, ఎరువు, మేత, ఉప్పు చాలని కూర, ఇవన్నీ వీధిలో కన్నడమో ఒడియానో మాట్లాడే మన పిల్లలకు ఇంట్లో దొరికిన మాటలు. వాటితో అర్థం చేసుకున్న విషయాన్ని పిల్లవాడు తర్వాత ఏ భాషలోనైనా రాయగలడు. అర్థం కాని పదాన్ని బట్టీ పట్టినవాడు ఏ భాషలోనూ చెప్పలేడు.

తోటి ఉపాధ్యాయులను ఒకటే కోరుతున్నాం. గాజు గ్లాసులో రంగు కలిపిన ఉప్పునీరు సగం పోసి, దాని మీద చెంచా వెనుకవైపు నుంచి మంచినీరు మెల్లగా జారవిడవండి. రెండు పొరలూ విడిగా నిలుస్తాయి. తర్వాత చెంచాతో చిలకండి. అడుగు రంగు పైకి వస్తుంది. ధ్రువ సముద్రంలో చలికాలం చేసే పని ఇదేనని అప్పుడు చెప్పండి. ఆ సాయంత్రం పిల్లలు ఇంట్లో అదే గ్లాసు అడుగుతారు. తల్లిదండ్రులు కాదనకుండా ఇచ్చి, పక్కన కూర్చుని 'ఎందుకలా?' అని అడగండి.