ద్వేషం ఎందుకింత చవక?

ముస్లింలను కించపరిచే సినిమా వచ్చిన ప్రతిసారీ మాకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ‘సినిమావాళ్లకు మతమేమిటి, వాళ్లకు డబ్బే దేవుడు. జనం చూస్తున్నారు, వాళ్లు తీస్తున్నారు’ అనేది మొదటిది. రెండవది మనలోనే కొందరు అనే మాట: ‘ఇదంతా నాగపూర్‌లో రాసి పంపుతున్న కథ.’ ఈ రెండింటిలో దేనినీ మేము పూర్తిగా ఒప్పుకోలేము.

రెండవదానికి జవాబు మన తెలుగునాటే ఉంది. 2020లో ‘ఆర్ఆర్ఆర్’ ప్రచార చిత్రంలో కొమురం భీమ్ పాత్ర తలపై టోపీతో కనిపించగానే అప్పటి తెలంగాణ బిజెపి అధ్యక్షుడు బండి సంజయ్ తీవ్రమైన హెచ్చరికలు చేశారు. అయినా 2022లో వచ్చిన సినిమాలో భీమ్ అఖ్తర్‌గానే తిరిగాడు. ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లకు పైగా వసూలయింది. మరుసటి ఏడాది బహిష్కరణ పిలుపుల నడుమ వచ్చిన ‘పఠాన్’ కూడా అంతే వసూలు చేసింది. భావజాలమే అన్నింటినీ నడిపిస్తున్నట్లయితే ఈ రెండూ తెర మీదికి వచ్చేవి కావు.

అయితే డబ్బే దేవుడన్న మాటైనా నిలుస్తుందా? 2022లో ‘ది కశ్మీర్ ఫైల్స్’కు గుజరాత్, హర్యానా, మధ్యప్రదేశ్ ప్రభుత్వాలు పన్ను మినహాయించాయి. ప్రధానమంత్రే ఆ సినిమాను మెచ్చుకున్నారు. 2023లో విడుదలైన ‘ది కేరళ స్టోరీ’ ప్రచార చిత్రం 32,000 మంది స్త్రీల మతమార్పిడి అంటూ ఊదరగొట్టింది. ఆ అంకెకు ప్రామాణిక ఆధారం లేదని తెరపై ప్రకటించేలా చేయడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. విడుదలైన రోజునే అది ప్రధాని ఎన్నికల ప్రసంగంలోకి ఎక్కింది. ఉత్తరప్రదేశ్ పన్ను మినహాయించింది. 2025లో ఉత్తమ దర్శకత్వానికి జాతీయ పురస్కారం ప్రకటించారు. ఇంతటి ప్రచారం ఏ వ్యాపారికి ఉచితంగా దొరుకుతుంది? దీనిని స్వేచ్ఛా విపణి అని ఎవరైనా అంటే మేము నవ్వి ఊరుకుంటాము.

‘రజాకార్’ సంగతి చూడండి. నిర్మాత బిజెపి నాయకుడు. 2024 మార్చి 15న విడుదలయింది; మరునాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. రజాకార్ల దౌర్జన్యాలు జరగలేదని మేము అనడం లేదు. జరిగాయి. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపింది వారే. కానీ ఆ సెప్టెంబరులో జరిగిన సైనిక చర్యను అనుసరించి 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను తెరకెక్కిస్తానని ముందుకొచ్చే నిర్మాత ఎక్కడ?

రాడు. ఎందుకు రాడో ‘వాల్మీకి’ ఉదంతం చెబుతుంది. 2019లో బోయ సామాజికవర్గం అభ్యంతరంతో ఆ సినిమా విడుదలకు ముందురోజు ‘గద్దలకొండ గణేష్’గా మారిపోయింది. ఎవరి కోపానికి ఎంత ఖర్చవుతుందో నిర్మాతకు క్షుణ్ణంగా తెలుసునన్న మాట. విలన్‌కు ఒక కులం పేరు పెడితే పోస్టర్లు చిరుగుతాయి, క్షమాపణ చెప్పవలసి వస్తుంది. అదే విలన్‌ను ‘భాయ్’ని చేసి, కళ్లకు సుర్మా పెట్టి, పాతబస్తీ సందులో నిలబెడితే రూపాయి ఖర్చు లేదు. ‘ఖడ్గం’లో ఆటో నడుపుకునే మంచి ముస్లిం ఉన్నాడు, నిజమే, కానీ అతని దేశభక్తికి పరీక్షగా సొంత తమ్ముడినే ఉగ్రవాదిని చేయవలసి వచ్చింది.

కనుక నిర్ణయించేది లాభమే. కానీ మన అవమానానికి ధర సున్నా అని రాసిపెట్టింది మాత్రం రాజకీయమే. తెలుగు రాష్ట్రాలలో పెద్ద సినిమా వచ్చిన ప్రతిసారీ టికెట్ ధర పెంపుకూ, అదనపు ఆటలకూ నిర్మాత సచివాలయం గడప తొక్కుతాడు. అక్కడ జీవో కోసం ఎదురుచూసేవాడు పాలకులకు కంటగింపయ్యే కథ ఎత్తుకుంటాడా?

నిషేధించమని అడగడం మా మార్గం కాదు. పశ్చిమ బెంగాల్ ‘కేరళ స్టోరీ’ని నిషేధిస్తే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది; సినిమాకు మిగిలింది మరింత ప్రచారమే. మేము అడిగేది లెక్క. పన్ను మినహాయింపు అంటే ప్రజల సొమ్ము వదులుకోవడం. అందులో పాతబస్తీలో గాజులమ్మే మనిషి కట్టిన జీఎస్టీ కూడా ఉంది. ఏ సినిమాకు ఏ కారణంతో మినహాయింపు ఇచ్చారో, ఏ ప్రమాణంతో ధర పెంచుకోనిచ్చారో తెలిపే ఫైళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. వచ్చిన జవాబులను మాకు పంపండి. ఉన్నవి ఉన్నట్లు అచ్చువేస్తాము.