బంధుబలగం కోసం కారు కొనకండి

మన ఇళ్లల్లో కారు కొనేముందు జరిగే చర్చలో నడిపేవాడి మాట చివరికొస్తుంది. ముందు తేలాల్సింది సంక్రాంతికి ఎంతమంది ఎక్కుతారన్న లెక్క. అత్తగారు, మామగారు, ఆడపడుచు, ఆవిడ ఇద్దరు పిల్లలు, రెండు సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా. ఈ బలగమంతా ఏడాదికి ఎన్నిసార్లు ఒకేసారి ఎక్కుతుందని అడిగేవాడు ఇంట్లో ఉండడు. ఉన్నా వాడి మాట చెల్లదు. అలా ఏడుగురి కోసం కొన్న బండిలో మిగతా ఏడాదంతా ఒక మనిషి, ఒక లంచ్ బాక్సు మియాపూర్ నుంచి మాదాపూర్ దాకా వెళ్లొస్తుంటారు.

నా ఓటు చిన్న కారుకి. అందులోనూ కాస్త హుషారైన చిన్న కారుకి. నాలుగు మీటర్లలోపు పొడవు, లీటరు టర్బో ఇంజను, గట్టి సస్పెన్షన్, వెడల్పాటి టైర్లు, చేత్తో వేసుకునే ఆరు గేర్లు. మా ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్నది అదొక్కటే. ఆఫీసుకీ అదే, బడికీ అదే, రైతుబజారుకీ అదే. బండి పేరు మాత్రం చెప్పను. చెబితే సగంమంది ప్రకటన అంటారు, మిగతా సగం తమ బావమరిది కారుతో పోల్చి నాకు ఉత్తరాలు రాస్తారు.

ఈ జాతికి మూలపురుషుడు జర్మనీవాడు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ గోల్ఫ్ జీటీఐని చూపించింది, మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టింది. 1.6 లీటర్ల ఇంజను, 110 హార్స్‌పవర్, ఎనిమిది వందల కిలోల పైచిలుకు బరువు. 5,000 బండ్లు పోతే చాలనుకున్నారట. మొదటి తరం ఒక్కటే నాలుగున్నర లక్షలు దాటింది. పిల్లల్ని బడి దగ్గర దింపి కూరగాయలు తెచ్చిన కారే ఆదివారం కొండ రోడ్డెక్కి ఖరీదైన స్పోర్ట్స్ కార్లకి చెమటలు పట్టించింది. ఇంట్లో రెండో బండి అవసరం లేకుండా చేసింది, జనం దానికే పడిపోయారు. అదే జీటీఐ 2025లో దిగుమతై మన దేశానికి వచ్చేసరికి షోరూం ధరే 53 లక్షలకి చేరింది. ఆ ఊసు మనకొద్దు.

మన దేశంలో ఇలాంటి కార్ల రాత రాసింది ఇంజనీర్లకన్నా పన్నులవాళ్లు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి దిగింది. చిన్న కారంటే నాలుగు మీటర్లు దాటని పొడవు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ దాటని సైజు. జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకి ఇవతలుంటే 18 శాతం, అవతలుంటే 40. 2015లో వచ్చిన అబార్త్ పుంటోని చూడండి. 145 హార్స్‌పవర్ ఉన్న ఆ బండి పొడవులో నాలుగు మీటర్లకి సెంటీమీటరు తక్కువే, ఇంజను మాత్రం 1.4 లీటర్లది. పొడవులో పాసై సీసీలో ఫెయిలైంది. సుజుకీ వాళ్ల స్విఫ్ట్ స్పోర్ట్ జపాన్‌లో 1.4 లీటర్ల టర్బోతో, 140 హార్స్‌పవర్‌తో, టన్నుకన్నా తక్కువ బరువుతో దొరికేది. స్విఫ్ట్‌ని ఇంత నెత్తిన పెట్టుకున్న దేశానికి అది రానే లేదు. వచ్చినా పెద్ద కారు పన్నే కట్టించుకునేవారు.

అందుకే మనకి చిన్న టర్బోలు దక్కాయి. 2017లో బాలెనో ఆర్ఎస్, 2018లో టియాగో జేటీపీ, 2020లో పోలోకి లీటరు టీఎస్ఐ ఇంజను, 2021లో ఐ20 ఎన్‌లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్. అన్నీ 1200 సీసీ లోపువే, అన్నీ వందకి పైగా హార్స్‌పవర్ ఇచ్చేవే. బాలెనో ఆర్ఎస్ మూడేళ్లయినా నిలవలేదు, జేటీపీ అంతకన్నా తక్కువ కాలానికే సర్దుకుంది, పోలో 2022లో సెలవు తీసుకుంది. కార్ల పిచ్చోళ్లు పోలోకి వీడ్కోలు చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. వాళ్లలో చాలామంది కొత్త పోలో ఎప్పుడూ కొనలేదు.

కొన్నది ఎత్తు కార్లు. ఇక్కడొక విచిత్రముంది. 2019లో వచ్చిన వెన్యూలోనూ ఐ20 ఎన్‌లైన్‌లోనూ ఉన్నది ఒకే లీటరు టర్బో, అదే 120 హార్స్‌పవర్. రెండూ నాలుగు మీటర్లకి ఐదారు మిల్లీమీటర్లు తక్కువ. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మాత్రం ఐ20లోనే ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ. కాళ్లు చాపుకునే చోటు చాలావరకు తేలేది అక్కడే. వెన్యూ ఎత్తు సుమారు పది సెంటీమీటర్లు ఎక్కువ, అంతే. ఆ నాలుగంగుళాలు చూసి కుటుంబాలు ‘పెద్ద బండి’ అనుకుని కొన్నాయి. వాచ్‌మన్ గేటు తీసే తీరు మారుతుంది, అది ఒప్పుకుంటాను.

ఊళ్లో తిరగడానికి టర్బో ఎందుకని అడుగుతారు. మామూలు 1.2 లీటర్ల ఇంజన్లలో చాలావాటికి పూర్తి లాగుడు నాలుగు వేల ఆర్పీఎం పైన గానీ రాదు. కొత్త స్విఫ్ట్‌కి 4300 దగ్గర 112 న్యూటన్ మీటర్లు. ఐ20 ఎన్‌లైన్‌కి 1500 నుంచే 172. సైలెన్సర్ వైపు వృథాగా పోయే పొగతో ఒక చిన్న చక్రం నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరిగి ఇంజనులోకి గాలిని కూరుతుంది, దాని పుణ్యమే ఇది. ఇదంతా రోడ్డు మీద ఎలా ఉంటుందో చెబుతాను.

కోతల రోజుల్లో తెనాలి నుంచి రేపల్లె వైపు వెళుతుంటే గడ్డి ట్రాక్టరు తగలకుండా ఉండదు. ట్రక్కుకి రెండు పక్కలా గడ్డి వేలాడుతూ ఉంటుంది, ఎదురుగా ఏమొస్తోందో కనపడనివ్వదు. మలుపు తిరిగాక కాస్త ఖాళీ దొరుకుతుంది. ఏసీ వేసి నలుగురం కూర్చున్న మామూలు చిన్న కారైతే రెండు గేర్లు దించాలి, ఇంజను గోల పెడుతుంది, పక్క సీట్లో ఆవిడ అక్కడ లేని బ్రేకుని తొక్కుతుంటుంది. టర్బో బండికి ఒక గేరు చాలు. కాలు నొక్కగానే వీపు సీటుకి ఆనుతుంది, ట్రాక్టరు అద్దంలోకి వెళ్లిపోతుంది, బండి మళ్లీ తన ఎడమకి వచ్చేస్తుంది. మనం ఎదుటివాడి దారిలో ఉండే సమయం తగ్గింది. ఓవర్‌టేకులో ప్రాణాలు పోయేది ఆ కాసేపట్లోనే గనక, పికప్‌ని కుర్రకారు సరదా కింద కొట్టేయడం నాకు నచ్చదు. కుటుంబంతో తిరిగే వాడికే అది ఎక్కువ కావాలి.

పైగా ఈ బండిని ఆస్వాదించడానికి చలానా రాయించుకోనక్కర్లేదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 120 దాకా వెళ్లనిస్తారు గానీ, నిజానికి అక్కడ విసుగే. ఫ్లైఓవర్ దిగే ఒంపులో నలభై, యాభై మీద స్టీరింగ్ చేతికి కబురు చెబుతుందే, అదీ మజా.

ఇక వెనక సీటు సంగతి. ఈ మజాలో వాళ్లకి వాటా రాదు, బిల్లు మాత్రం వాళ్లకే వెళుతుంది. మా మామగారిని ‘ఎక్కడానికి ఇబ్బందిగా ఉందా’ అని అడిగాను. ‘ఎక్కడానికేం అల్లుడుగారూ, కూలబడితే చాలు. దిగేటప్పుడే మీరో, ఆ దేవుడో చెయ్యందించాలి’ అన్నారు. సీటు నడుమెత్తులో ఉంటే మోకాళ్ల నొప్పులున్న మనిషి పక్కకి తిరిగి ఒరిగి కూర్చుంటాడు, అలాగే జారి దిగుతాడు. ఈ ఒక్క విషయంలో ఎత్తు కార్లదే గెలుపు, నా దగ్గర జవాబు లేదు. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ వ్యాసం ఇక్కడే మడిచి పక్కన పెట్టండి. మా ఇంట్లో ఆయన ముందు సీట్లో కూర్చుంటారు. సీటుని చివరిదాకా వెనక్కి తోస్తాం. ఆ వెనక ఇరుకులో మా చిన్నది సర్దుకుంటుంది, దాని కాళ్లు ఇంకా పొట్టివే.

చిన్నదాని బాధ వేరు, దానికి ఘాట్ రోడ్డంటే భయం. ఎస్.కోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కుతుంటే చేతిలో నిమ్మకాయ పెట్టుకుని బిగుసుకుపోతుంది. చెవి లోపలున్న యంత్రాంగం ‘ఊగుతున్నాం’ అని చెబుతుంటే, ముందు సీటు వీపుని చూస్తున్న కళ్లు ‘లేదే’ అంటాయి. ఆ తగవులో కడుపు తిప్పుతుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు కాబట్టి ఆ బాధ ఉండదు, వెనకవాళ్లు ఎందుకు విలవిల్లాడుతున్నారో వాడికి అర్థం కూడా కాదు. గట్టి సస్పెన్షన్ ఉన్న పొట్టి బండి మలుపులో తక్కువ ఒరుగుతుంది, సగం పని అది చేసిపెడుతుంది. మిగతా సగం కాలిది. బ్రేకు మలుపుకి ముందే అయిపోవాలి, మలుపులో కాలు కదలకూడదు, బయటికొచ్చాకే మెల్లగా నొక్కాలి. వెనక నిద్రపోయిన పిల్ల లేవకుండా ఘాట్ ఎక్కించినవాడిని నేను డ్రైవరంటాను. టైర్లు కీచుమనిపించేవాడికి ఇలాంటి బండి తాళాలు ఇవ్వకూడదు.

గట్టి సస్పెన్షన్‌కి శత్రువు మన స్పీడ్‌బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటి దాని మీద ఏ కారైనా పాతికలో తేలిగ్గా పోతుంది. మన కాలనీలవాళ్లు ఎత్తు పెంచారు, వెడల్పు అరమీటరుకి కుదించారు. ఊళ్లల్లో మోపెడు కంకర పోసి, రాత్రికి రాత్రి తారు పూసి, ఉదయానికి ఒక గోడ లేపుతారు. నలుగురు ఎక్కి డిక్కీ నిండితే 165, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ కాస్తా తగ్గిపోతుంది. బండి కొంచెం ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నే ఎక్కించడం ఇప్పుడు అలవాటైపోయింది. ఇందులో వెనకొచ్చే ఆటోవాడి తిట్లు కూడా భాగమే.

డిక్కీ గురించి మాత్రం అనవసరంగా భయపెడతారు. పోలోకి 280 లీటర్లు, ఐ20కి 311, ఆల్ట్రోజ్‌కి 345. ఊరెళ్లి తిరుగు ప్రయాణంలో పాతిక కిలోల బియ్యం బస్తా అడుగున అడ్డంగా, దాని పక్కన ఆవకాయ జాడీ గుడ్డ కట్టి నిలబెట్టి, మీద అరిసెల డబ్బా, మూలల్లో కొబ్బరికాయలు. మెత్తటి బ్యాగులైతే ఇంకో రెండు పడతాయి. పెట్టె సూట్‌కేసు తెచ్చినవాళ్లు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. చాలామంది మరిచిపోయేది ఒకటుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కరు ఉంటుంది, నిండు బరువుకి వెనక టైర్లలో ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు అన్నిటికీ ఒకే అంకె కొట్టేస్తాడు. స్టిక్కరు చూపించి చెప్పి మరీ కొట్టించండి.

టైర్ల ఖర్చు ఉంది. 195/55, పదహారంగుళాల చక్రమంటే టైరు గోడ పదకొండు సెంటీమీటర్లు కూడా ఉండదు. వానాకాలం నీళ్లలో దాగిన గుంత తగిలిందంటే అలాయ్‌కి బెండ్, టైరు పక్కన బుడిపె. మైలేజీ కాలి బరువుని బట్టి. ఊళ్లో పదకొండు, హైవే మీద పదిహేడు నాకు వస్తుంది, లీటరు 107 దాటిన హైదరాబాదులో ఇది చేదు మాటే. ఆయిల్ మాత్రం పుస్తకంలో చెప్పిన గ్రేడే, చెప్పిన గడువుకే మార్పించాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి టర్బో విప్పి, నల్లటి జిడ్డు పేరుకున్న చిన్న చక్రాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు. ‘ఆయిల్‌లో వెయ్యి రూపాయలు మిగిల్చాడండీ, అదీ ఫలితం’ అన్నాడు. సైలెన్సరు మార్చి వీధి వీధంతా నిద్ర లేపే కుర్రాళ్ల గురించి ఏం రాయను, వాళ్లు పేపరు చదవరు.

మరి సంక్రాంతి? డ్రైవరుతో సహా ఇన్నోవా మాట్లాడుకుంటాం. పెద్ద కారుకీ చిన్న కారుకీ మధ్య ఈఎంఐల తేడాలో ఆ కిరాయి పోగా ఇంకా మిగులుతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల క్యూలో క్లచ్ తొక్కే పని మనది కాదు. వెనక సీట్లో పిల్లలతో పేకాడుకుంటూ వెళ్లొచ్చు.

ఈ హుషారు బండి కొనాలని ఎవరికైనా ఉంటే టెస్ట్ డ్రైవ్ ఒక్కదాన్ని సరిగ్గా చేయించండి. షోరూంవాళ్లు తమ ఎదురుగా ఉన్న నున్నటి రోడ్డు మీద ఒక చక్కరు తిప్పి తాళాలు తీసుకుంటారు. ఒప్పుకోకండి. బండిని మీ వీధికి రప్పించండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని వెనక ఎక్కించి, వాళ్ల పక్కన మీరు కూర్చుని, సేల్స్ కుర్రాణ్ణి నడపమనండి. మీ కాలనీ స్పీడ్‌బ్రేకరు ఎక్కించి దించాక ముందు ఆ పెద్దవాళ్లు ఏమంటారో వినండి. వాళ్లు సరేనంటే, అప్పుడు మీరు ముందుకొచ్చి స్టీరింగ్ పట్టుకోండి.