టర్కీ-అమెరికా: మైత్రి మాటున బేరం

ముస్లిం దేశాల్లో అమెరికాకు నమ్మకమైన మిత్రదేశం ఏదంటే వెంటనే టర్కీ పేరే చెప్పేవారిని ఎందరినో చూశాం. 1950లో కొరియా యుద్ధానికి సైన్యాన్ని పంపి, 1952లో నాటో కూటమిలో చేరిన దేశం అది. కానీ ఈ మైత్రి చరిత్రను కాస్త తరచి చూస్తే మనకు కనిపించేది స్నేహం కాదు, అవసరం.

ఉస్మానియా సుల్తానుల హయాంలో, 1830లో ఉభయుల మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరింది. 1917లో సంబంధాలు తెగినా ఒకరిపై ఒకరు యుద్ధం ప్రకటించుకోలేదు. 1927లో మళ్ళీ కలిశారు. అసలు కథ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మొదలైంది. టర్కీ జలసంధులపై స్టాలిన్ కన్నేసిన రోజులవి. వాషింగ్టన్‌లో 1944లోనే కన్నుమూసిన టర్కీ రాయబారి మునీర్ ఎర్తెగున్ భౌతికకాయాన్ని అమెరికా 1946 ఏప్రిల్‌లో 'మిస్సోరీ' యుద్ధనౌకపై ఇస్తాంబుల్‌కు చేర్చింది. ఒక జనాజాకు అంతటి యుద్ధనౌక దేనికో మాస్కోకు వేరే చెప్పనక్కర లేకపోయింది. మరుసటి ఏడాదే గ్రీస్, టర్కీలకు కలిపి 40 కోట్ల డాలర్ల సాయాన్ని ట్రూమన్ కోరి సాధించాడు.

అవసరం మారగానే మాట కూడా మారింది. 1962లో క్యూబా సంక్షోభాన్ని చల్లార్చడానికి, టర్కీ గడ్డపైనున్న జూపిటర్ క్షిపణులను తీసేస్తామని కెన్నెడీ ప్రభుత్వం సోవియట్ యూనియన్‌కు రహస్యంగా మాటిచ్చింది. టర్కీని అడిగినవారు లేరు.

అంతకంటే లోతైన గాయం సైప్రస్ విషయంలో తగిలింది. అక్కడి తురుష్క మైనారిటీల రక్షణకు సేనలను దించాలని ప్రధాని ఇస్మెత్ ఇనోను సన్నద్ధం కాగా, 1964 జూన్ 5న అధ్యక్షుడు జాన్సన్ నుంచి ఉత్తరం వచ్చింది. అమెరికా ఇచ్చిన ఆయుధాలను ఇందుకు వాడరాదన్నది అందులోని ఒక మాట. దీనివల్ల సోవియట్ దాడి జరిగితే నాటో అండగా నిలవకపోవచ్చన్నది మరొకటి. మిత్రుడికి రాసే ఉత్తరమా ఇది? 1974లో టర్కీ సేనలు సైప్రస్‌లో దిగనే దిగాయి. 1975లో అమెరికన్ కాంగ్రెస్ ఆయుధాలపై ఆంక్షలు విధించింది. టర్కీ తన గడ్డపైనున్న అమెరికన్ స్థావరాల కార్యకలాపాలను నిలిపివేసింది. నాటో పనులకు ఇంజిర్లిక్‌ను మాత్రం మినహాయించింది. 1978లో ఆంక్షలు తొలగాయి.

2003 మార్చి 1 నాటి ఉదంతం మన దృష్టిలో ఈ చరిత్రకే తలమానికం. ఇరాక్‌పై ఉత్తరం నుంచి దాడికి 62,000 మంది అమెరికన్ సైనికులకు దారి ఇవ్వాలన్న తీర్మానం టర్కీ పార్లమెంటు ముందుకు వచ్చింది. బదులుగా వందల కోట్ల డాలర్ల సాయం సిద్ధంగా ఉంది. అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు పడ్డాయి. 19 మంది తటస్థంగా ఉన్నారు. హాజరైన సభ్యుల్లో సగానికి మించి కావాలన్న నిబంధన వల్ల మూడు ఓట్ల తేడాతో తీర్మానం వీగిపోయింది. పాలక పక్షానికే 360కి పైగా స్థానాలుండగా జరిగిన సంగతి ఇది! ముస్లిం దేశాల్లో ప్రజాస్వామ్యం రావాలని ఉపదేశించే వాషింగ్టన్‌కు ఆ ప్రజాస్వామ్యమే రుచించలేదు.

తర్వాతి కాలంలో రగడలు పెరిగాయి. 2016 నాటి విఫల సైనిక తిరుగుబాటుకు సూత్రధారి అంటూ ఫెతుల్లా గులెన్‌ను అప్పగించమని టర్కీ కోరింది. అమెరికా అప్పగించలేదు. ఆయన 2024లో అక్కడే మరణించాడు. రష్యా నుంచి ఎస్-400 క్షిపణులు కొన్నందుకు 2019లో టర్కీని ఎఫ్-35 విమానాల పథకం నుంచి తప్పించారు. 2020లో ఆంక్షలూ పెట్టారు.

అయినా బేరం ఆగలేదు. నాటోలో స్వీడన్ ప్రవేశానికి టర్కీ పార్లమెంటు 2024 జనవరి 23న ఆమోదం తెలిపింది. సరిగ్గా మూడు రోజులకు, 40 ఎఫ్-16 విమానాలను టర్కీకి అమ్మేందుకు అమెరికా ప్రభుత్వం పచ్చజెండా ఊపింది.