సున్నా చూపించిన మీటరు

మా బావమరిదికి గోదావరి గట్టు వార మూడెకరాల పూలతోట ఉంది. బంతి, చేమంతి, లిల్లీ వేస్తాడు. కడియం అనగానే మనకు నర్సరీలే జ్ఞాపకం వస్తాయి గాని, ఆ పక్కనే కడియపులంకలో పూలకు పెద్ద టోకు బజారుందన్న సంగతి పువ్వులు ముడుచుకునేవాళ్ళలో చాలామందికి తెలియదు. తోటకూ బజారుకూ పది పన్నెండు కిలోమీటర్లు. కోత ఉన్నరోజున తెల్లవారుజామున మూడు గంటలకే బండి కదలాలి. తన పూలతోబాటు చుట్టుపక్కల నలుగురైదుగురు రైతుల గంపలు కూడా అందులోనే వెడతాయి. పొద్దెక్కిన కొద్దీ పువ్వు వాడుతుంది, పువ్వుతోబాటు ధరా వాడుతుంది.

ఆ బండి అప్పు చేసి కొన్న పికప్. కొన్న మూడేళ్ళ దాకా నోరెత్తలేదు. తరువాత పట్టుకుంది జబ్బు. రాత్రి నిక్షేపంగా ఉన్న బండి తెల్లవారుజామున తాళం తిప్పితే టకటకమని ఊరుకోవడం, లేదా ఆ టకటకలు కూడా లేక మూగనోము పట్టడం. నలుగురూ చేరి గట్టు దిగువకు తోసి స్టార్టు చేయడం, లేదా ట్రాక్టరు తెచ్చి దాని బ్యాటరీ నుంచి తీగలు తగిలించడం. ఈ లోపల తెల్లవారిపోతుంది. బ్యాటరీ పాతదన్నారు, కొత్తది వేయించాడు. ఐదు నెలలు తిరక్కుండా అదీ అదే పాట. ఒకాయన ఇంజను బరువన్నాడు. ఒకాయన బ్యాటరీలు ఇదివరకటిలా రావడం లేదన్నాడు. మా అత్తగారు నిమ్మకాయలు కట్టించారు. నిమ్మకాయలు కట్టిన మర్నాడు బండి మొదటి తిప్పుకే కదిలిందట. దాంతో మరో పది రోజులు వృథా అయ్యాయి.

అలాంటి సమయంలో సెలవులకు నేను వెళ్ళాను. నేను చెప్పేది తెలుగు పాఠం. ఇంజను ముందుంటుందో వెనకుంటుందో చూసి చెప్పవలసినవాణ్ణి. కాని బయలుదేరేముందు మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుణ్ణి అడిగి, ఆయన మీటరు అరువు తెచ్చుకున్నాను. ఆయన అరగంట కూచోబెట్టి పాఠం చెప్పాడు. నిజానికి పాఠం చక్కగానే చెప్పాడు. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల గదులు ఆరు. సీసపు పలకలు, వాటి మధ్య నీళ్ళు కలిపిన గంధకామ్లం. 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన నాటి నుంచీ మూలసూత్రం మారలేదు. 1912లో కాడిలాక్ కారుకు కెటరింగ్ అనే ఆయన కరెంటుతో తిరిగే సెల్ఫు అమర్చిన తరువాతనే బ్యాటరీకి ఇంజను తిప్పే చాకిరీ పడింది. అంతకుముందు చేత్తో హ్యాండిలు తిప్పడమే. హ్యాండిలు ఎదురు తన్నితే మణికట్టు విరిగేదని మా తాతగారు చెప్పేవారు.

బ్యాటరీని నీళ్ళకుండ అనుకోమన్నాడు మా మిత్రుడు. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటరు ఆ కుండ నింపుతుంది. మన మెకానిక్కులు దాన్నే ఇప్పటికీ డైనమో అంటారు. కుండ తెల్లవారేసరికి ఖాళీ అయిందంటే కుండే పగిలి ఉండాలి, లేదా నింపేవాడు నింపడం లేదనుకోవాలి, లేదా రాత్రివేళ ఎవరో తోడుకుపోతూ ఉండాలి. బండి ఆపి కొన్ని గంటలు ఊరుకున్న తరువాత మీటరు 12.6 వోల్టులు చూపిస్తే కుండ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. 12కు దిగితే పావువంతుకు వచ్చిందన్నమాట. ఇంజను తిరుగుతున్నప్పుడు పదమూడున్నర పైన, పద్నాలుగున్నర లోపల చూపిస్తే నింపేవాడు ఒళ్ళు దాచుకోవడం లేదు.

నేను చూశాను. రాత్రంతా షాపులో చార్జి పెట్టించి తెచ్చిన బ్యాటరీ పొద్దున 12.6 చూపించింది. బండి స్టార్టు చేస్తే 14.2. చుట్టూ చేరిన పదిమంది ముందు ఈ అంకెలు చదువుతూంటే నాకు కలిగిన ఆనందం ఏ సన్మానసభలోనూ కలగలేదు. ఇక మిగిలింది దొంగ. అందుకు బ్యాటరీ నెగెటివు తీగ ఊడదీసి, ఊడిన తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాలి. అప్పుడు బండిలోకి పోయే కరెంటంతా మీటరులో నుంచే పోతుంది. తాళం తీసిన బండికి గడియారానికీ, లోపలి చిన్న చిన్న కంప్యూటర్ల కునుకుకీ ఇరవై నుంచి యాభై మిల్లీ ఆంపియర్లు ఖర్చయితే సహజం. అంతకుమించి పోతూంటే దొంగ ఉన్నట్టే.

మీటరు పెట్టాను. ఏదో ఒక అంకె కనిపించింది. దాన్ని సరిగ్గా చదివేలోపల నాకు మరో బుద్ధి పుట్టింది. తాళం తిప్పితే ఎంత తాగుతుందో అదీ చూద్దామని, డ్రైవరు కుర్రాడితో, “ఏదీ బాబూ, ఒకసారి సెల్ఫు కొట్టు” అన్నాను. కొట్టాడు. బండి ఉలకలేదు. అంకె మాయమై సున్నా వచ్చింది. తాళం తీయించి, తీగలు మళ్ళీ సర్ది చూశాను. సున్నా. పావుగంట ఆగి చూశాను. సున్నాయే.

“దొంగ లేడోయ్! చుక్క కూడా కారడం లేదు” అని మా బావమరిదికి తీర్పు చెప్పాను.

కుండ మంచిది, నింపేవాడు మంచివాడు, దొంగ లేడు. మరి బ్యాటరీ ఎందుకు చస్తోంది? రాత్రి లైటు ఆర్పకుండా దిగిపోయేవాడెవడో ఉండాలి. అందరి కళ్ళూ కుర్రాడి మీదికి వెళ్ళాయి. ఇరవై రెండేళ్ళవాడు, మెతకమనిషి. “నేను రోజూ లైట్లన్నీ ఆర్పే దిగుతున్నానండీ, మాస్టారూ. క్యాబిను లైటు కూడా చూసుకునే తలుపేస్తాను” అన్నాడు. నేను కళ్ళజోడు సవరించుకుని, “మీటరు అబద్ధమాడదు బాబూ” అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తూనే ఉంది.

వాడిపోయిన గంపల కింద ఆ నెల అతని జీతంలో పన్నెండు వందలు తగ్గించారు. అతను మారు మాట్లాడలేదు. నెల తిరగగానే పని మానేశాడు.

మూడు వారాలకు మా బావమరిది ఫోను చేశాడు. “బావగారూ, బండి మళ్ళీ పడుకుంది.”

“ఎవరు పెట్టారు రాత్రి?”

“నేనేనండి. దిగి, చుట్టూ తిరిగి చూసి మరీ వెళ్ళి పడుకున్నాను.”

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. ఆ ఆదివారమే బస్సెక్కాను.

ఈసారి నా పాండిత్యం ఇంట్లో పెట్టి, రాజమహేంద్రవరం వెళ్ళే రోడ్డు మీద సెల్ఫు-డైనమో షాపు పెట్టుకున్న ఒక సాయెబుగారిని వెంటపెట్టుకు వెళ్ళాను. అరవై దాటిన మనిషి. వస్తూనే బానెట్టు ఎత్తలేదు. పూలగంప మీద కూచుని, “ఎప్పుడెప్పుడు చచ్చిందండీ?” అని అడిగారు. ఎవరికీ జ్ఞాపకం లేదు. మా బావమరిది పద్దుల పుస్తకం తెచ్చాడు. బండి మొరాయించిన రోజున పూలు తక్కువ ధరకు పోయి ఉంటాయి గదా, ఆ రోజులు గుర్తుపెట్టుకుంటూ వెనక్కి చదివాను. ఇది మాత్రం నాకు చేతనైన పనే. ఆరు తేదీలు దొరికాయి. ఆరింటికీ ముందురోజు పద్దు ఖాళీ. అంటే కోత లేదు, బండికి సెలవు. ఒక్క రాత్రి పడుకున్న బండి ములుగుతూ లేచేది. ఒక పగలూ రెండు రాత్రులూ పడుకున్న బండి లేచేది కాదు.

సాయెబుగారు తల ఊపారు. “లైటు మరిచిపోతే ఒక్క రాత్రికే పోవాలండి. ఇది లైటు కాదు. కొంచెం కొంచెంగా తాగేది ఏదో ఉంది.”

“మీటరు సున్నా చూపించిందే!” అన్నాను.

“ఏదీ, ఆ మీటరు?”

సంచీలోంచి తీసి ఇచ్చాను. ఆయన వెనక మూత విప్పి, ఒక చిన్న గాజుగొట్టం లాంటిది బయటికి తీసి వెలుతురుకు పెట్టి చూపించారు. లోపలి సన్నతీగ మాడి తెగిపోయింది. “మాస్టారూ, ఇది పది ఆంపియర్లకు ఓర్చుకునే ఫ్యూజు. సెల్ఫు కొడితే వందల ఆంపియర్లు లాగుతుందండి. మీటరు పెట్టి ఎవరైనా సెల్ఫు కొట్టిస్తారా? అప్పుడే చచ్చిపోయింది ఇది. చచ్చినవాడు ఏం చెబుతాడు? సున్నాయే చెబుతాడు.”

వోల్టులు చూడడానికి ఆ ఫ్యూజుతో పని లేదట. అందుకే ఆ తరువాత కూడా వోల్టులు సరిగ్గా చూపిస్తూ, కరెంటు దగ్గర మాత్రం నోరు మూసుకుంది. నాకు అనుమానం రాకపోవడానికి అదే కారణం.

సాయెబుగారు తమ పాత మీటరు పెట్టారు. అంతకుముందు తలుపులు మూయించి, బండి పూర్తిగా కునుకు తీసేదాకా అరగంట ఆగారు. 0.92 ఆంపియరు. ఒక ఆంపియరుకు కాస్త తక్కువ. వినడానికి ఏపాటి? కాని ఉదయం తొమ్మిదికి ఆపిన బండి మర్నాడంతా కదలక, ఆ మూడో నాటి తెల్లవారుజామున మూడింటికి లేవాలంటే నలభైరెండు గంటలు. అంటే ముప్ఫైతొమ్మిది ఆంపియరు గంటలు ఖర్చు. ఆ బ్యాటరీ మొత్తం డెబ్బై అయిదు. పైగా పది పన్నెండు కిలోమీటర్లు పోయి వచ్చే బండిలో కుండ ఏనాడూ నిండదు. సగం కుండతో డీజిలు ఇంజను తిప్పమంటే ఎలా తిప్పుతుంది? అలా మాటిమాటికీ అడుగంటిన బ్యాటరీ పలకల మీద తెల్లని సల్ఫేటు గట్టిపడి, మంచి బ్యాటరీ కూడా ఏడాదికే ముసలిదవుతుందట. మొదటి బ్యాటరీ అలాగే పోయి ఉంటుంది. పాపం, దాన్ని ఎన్ని తిట్టామో!

తరువాత ఆయన ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ నన్ను మీటరు చూడమన్నారు. ఏ ఫ్యూజు పీకినప్పుడు అంకె పడిపోతే ఆ దారిలో దొంగ ఉన్నట్టు. అన్నీ పీకారు. 0.92 కదలలేదు. డైనమో లోపల డయోడు చెడినా కరెంటు వెనక్కి కారుతుందని దాని లావుపాటి తీగ ఊడదీశారు. ఊహూఁ. అప్పుడు బ్యాటరీ పాజిటివు మొన దగ్గర చేయి పెట్టి, కంపెనీ తీగలతో కలవని ఒక ఎర్రతీగను పట్టుకున్నారు. అది అడుగుచాప కిందుగా పోయి, సీటు వెనక దూరింది. “ఇక్కడ చెయ్యి పెట్టండి మాస్టారూ” అన్నారు.

పెట్టాను. రాత్రంతా కదలని బండి, మంచు పడిన ఇనుము, అందులో ఒక నల్లడబ్బా మాత్రం కోడిగుడ్డులా వెచ్చగా ఉంది.

పాటల పెట్టెకు గొంతు పెంచే ఆంప్లిఫయరు అది. మేలుకోమని చెప్పే సన్నతీగను పాటల పెట్టెకు కలపాలి. పెట్టె ఆపితే ఇదీ పడుకుంటుంది. బిగించినవాడెవడో ఆ సన్నతీగను నేరుగా బ్యాటరీకే కలిపేశాడు. పాట లేకపోయినా గాయకుడు నెలల తరబడి రాత్రింబగళ్ళు గొంతు సవరించుకుంటూ కూచున్నాడు. ఆ తీగ ఊడదీస్తే మీటరు 0.03కు దిగింది. ఈ లెక్కన నెలరోజులు నిలబెట్టినా బండి లేస్తుందన్నారు సాయెబుగారు. మొనల మీద పేరుకున్న తెల్లబూజును వేడినీళ్ళు, వంటసోడాతో కడిగించి, ముందు పాజిటివు, ఆ తరువాతనే నెగెటివు బిగించి, తీసేటప్పుడు దీనికి తలకిందులని మా బావమరిదికి చెప్పి, మూడు వందలు పుచ్చుకుని వెళ్ళిపోయారు.

“ఈ డబ్బా ఎవరు పెట్టించారోయ్?” అని అడిగాను.

మా బావమరిది గట్టు వైపు చూస్తూ, “కిందటేడు సంక్రాంతికి నేనేనండి. పిల్లలు పాటలు కావాలన్నారని…” అన్నాడు.

మర్నాడు ఇద్దరం ఆ కుర్రాడి కోసం వెళ్ళాం. ఒక నర్సరీలో మొక్కల సంచులు లారీకి ఎక్కిస్తున్నాడు. మా బావమరిది పన్నెండు వందలు చేతిలో పెట్టి, “లెక్క తప్పిందిరా” అన్నాడు. అంతకన్న అతని నోట రాలేదు. మిగిలింది నేను చెప్పాలి. ఫ్యూజు సంగతి, సున్నా సంగతి, నల్లడబ్బా సంగతి, అన్నీ చెప్పాను. నా తప్పేనన్నాను. అతను తలగుడ్డతో చెమట తుడుచుకుంటూ విన్నాడు.

“మీటరు అబద్ధమాడదన్నారు గదండీ, మాస్టారూ!”

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. కాలేజీలో ఇరవై యేళ్ళుగా ప్రశ్నలకు సమాధానాలు చెబుతున్నవాణ్ణి, నాకు ఒక్క మాట దొరకలేదు.

డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ బండి మీదికి రమ్మంటే, నర్సరీ ఆసామికి ఈ నెలాఖరు దాకా మాట ఇచ్చాననీ, ఆ తరువాత ఆలోచిస్తాననీ అన్నాడు. అని, మరో రెండు సంచులు భుజాన వేసుకుని లారీ వైపు నడిచాడు.