సంశయము వేఱు, ఊగిసలాట వేఱు

ఆంగ్లమున 'షిల్లీ-షాలీ' యను నొక మాట కలదు. చేయవలసిన పని యెదుట నుండగా, చేయుదునా మానుదునా యని యెటును నిలువలేనివాని స్థితిని ఆంగ్లేయులు ఈ పదముతో చెప్పుదురు. అనువాదములలోను, తరగతిలో చెప్పు అర్థములలోను దీనికి 'సంశయము' అని వ్రాయుట నేను పలుమారులు చూచితిని. నేనును చాలకాలము అట్లే చెప్పితిని. అది పొరపాటనియు, దాని ఫలితము ఒక్క పదముతో ఆగదనియు మనవి చేయుటకే ఈ వ్యాసము.

ఈ పదము పుట్టుక చిత్రమైనది. 'షల్ ఐ' అనగా 'నేను చేయుదునా' అని ప్రశ్న. ఆ ప్రశ్నను రెండుమారులు పలికి, 'షల్ ఐ, షల్ ఐ యని నిలుచుట' అను పలుకుబడి 17వ శతాబ్దమున ఆంగ్లమున ఏర్పడినది. 1700లో ప్రదర్శింపబడిన విలియం కాంగ్రీవ్ నాటకము 'ది వే ఆఫ్ ది వరల్డ్'లో నొక పాత్ర మొదటి దాని అచ్చును మార్చి, 'షిల్ ఐ, షల్ ఐ' అని పలుకును. తాను అట్లు నిలుచువాడను కానని చెప్పుకొను సందర్భమది. ఇట్లు మొదట ఇకారమును, పిదప అకారమును ఉంచి జంటపదములు చేయుట ఆ భాషకు అలవాటు. 'జిగ్‌జాగ్', 'డిల్లీ-డాలీ' అట్టివే. కాలక్రమమున లోపలి ప్రశ్న మరుగుపడి, మొత్తము ఒక్క పదమై, నామముగను క్రియగను వాడుకలో నిలిచినది.

పలికిన వాక్యమే పదమగుట మన వైయాకరణులకు క్రొత్త కాదు. మయూరవ్యంసకాదిగణమున 'అశ్నీతపిబతా' అను శబ్దము కలదు. 'తినుడు, త్రాగుడు' అను మాటలే యెడతెగక వినబడు స్థితికి అది పేరు. రెండు తిఙంతములు కలిసి ఒక స్త్రీలింగశబ్దమైనవి. 'నేను, నేను' అని ఒకరినొకరు త్రోసికొని పోవుటకు 'అహమహమిక' యన్నాము. తెలుగున 'చేతునా మానుదునా అను ఊగిసలాట' యనునప్పుడు ప్రశ్నార్థకమైన ఆకారము ఆంగ్లపదములోని ప్రశ్న చేయు పనినే చేయుచున్నది. అయితే ధ్వని పోలికను చూచి మన 'శషభిషలు'ను ఆ పదముతో ముడిపెట్టరాదు. పోల్చదగినది నిర్మాణము, ధ్వని కాదు.

ఆ నిర్మాణమే అర్థమును కూడ నిర్ణయించుచున్నది. లోపల దాగిన ప్రశ్న 'ఇది యేమి' యని కాదు, 'నేను చేయుదునా' యని. అది ఉత్తమపురుషలో, కర్తవ్యమును గూర్చి పుట్టిన ప్రశ్న. మన శాస్త్రమున సంశయము జ్ఞానమునకు సంబంధించినది. మసక వెలుతురున నిలువుగ కనబడునది మ్రోడా, మనుష్యుడా యనునది దానికి ప్రసిద్ధోదాహరణము. రెండింటను కోటిద్వయము ఉండుటచేత ఒకటిగా తోచుట సహజమే. కాని ఒకదానిలో కోటులు వస్తువును గూర్చినవి, రెండవదానిలో మన పూనికను గూర్చినవి. గౌతముడు సంశయమును షోడశపదార్థములలో మూడవదిగా లెక్కించెను. తెలియనే తెలియని విషయమునను, నిర్ణీతమైన విషయమునను న్యాయము ప్రవర్తింపదనియు, సందిగ్ధార్థముననే ప్రవర్తించుననియు వాత్స్యాయనుడు వివరించెను. కావున సంశయము విచారమునకు ద్వారము. ఊగిసలాట ఆ ద్వారముకడనే నిలిచిపోవుట.

ఈ భేదమును కాళిదాసు శాకుంతలము పంచమాంకమున స్పష్టముగ చూడవచ్చును. శాపవశమున మఱచిన దుష్యంతునికి 'ఈమెను నేను పెండ్లాడితినా' యనునది సంశయము. 'స్వీకరింతునా, విడుతునా' యనునది ఊగిసలాట. రాజు పురోహితుని అడిగెను. ప్రసవము వఱకు ఆమె తన యింట నుండుననియు, పుట్టిన శిశువునకు చక్రవర్తిలక్షణములున్నచో స్వీకరింపవలెననియు ఆయన చెప్పెను. రాజు అంగీకరించెను. ఊగిసలాట అక్కడ ముగిసినది, సంశయము మాత్రము ఉంగరము కనబడు వఱకు నిలిచెను. ఒకటి పోయినను రెండవది నిలిచినచో ఆ రెండును ఒకటి యెట్లగును?

గీత సంశయాత్ముని నిందింపలేదా యని కొందఱు అడుగవచ్చును. చతుర్థాధ్యాయమున నిందింపబడినవాడు అజ్ఞానముతోను, అశ్రద్ధతోను కూడి, సంశయమే స్వభావముగ గలవాడు. దాని వెంటనే, జ్ఞానముచేత సంశయమును ఛేదింపుమను ఉపదేశము కలదు. షష్ఠాధ్యాయమున అర్జునుడు యోగభ్రష్టుని గతిని గూర్చిన తన సంశయమును తీర్పుమని అడుగగా, కృష్ణుడు మందలింపక సమాధానము చెప్పెను. నిశ్చయము లేక బుద్ధి పలుకొమ్మలుగ చీలినవారికి ద్వితీయాధ్యాయమున వేఱే పేరు కలదు, వారు 'అవ్యవసాయులు'. మన ఆంగ్లపదమునకు సంస్కృతమున దగ్గఱి మాట కావలెనన్నచో ఇదియే.

ఇంత చెప్పుటకు ఒక కారణము కలదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నేను బోధించుచుండిన చోట ఒక విద్యార్థి నాకడకు వచ్చి, ఈ చదువు చదివినచో తనకు జీవిక దొరకునా యని అడిగెను. చుఱుకైన బాలుడు. వ్యాకరణమున మంచి గతి యుండెను. 'సంశయించువానికి శాస్త్రము రాదు' అని నేను మందలించితిని. మఱుసటి వారము అతడు రాలేదు. ఆ తరువాత చదువు మానెనని తెలిసినది. అతనిది ఊగిసలాట కాదు, సంశయము. ఏ పరీక్షకు ఏ ఉద్యోగమున్నదో, జీతమెంతయో, ఎందఱికి దొరకినదో చెప్పినచో తీరునది. ప్రమాణము అడిగినవానికి నేను నింద నిచ్చితిని.

ఆ సంవత్సరములలోనే పాఠ్యక్రమమును మార్చుదమా వద్దా యని మేము అధ్యాపకులము పలుమారులు సమావేశమైతిమి. ప్రతిసారియు, మఱికొంత విచారింతమని లేచితిమి. అందఱకు విషయము తెలియును. చేయుటకు మాత్రము ఎవరును పూనుకొనలేదు. విద్యార్థి సంశయమునకు ఊగిసలాట యని పేరు పెట్టితిమి. మా ఊగిసలాటకు విచారమని పేరు పెట్టుకొంటిమి. రెండు పేర్లును తాఱుమాఱు.

కావున నా సూచన యిది. ఈ ఆంగ్లపదమునకు సాధారణముగ 'ఊగిసలాట' యనియు, క్రియగ 'తటపటాయించు' అనియు వ్రాయుదము. కాలము గడుపుటకై సాకులు వెదకు చోట 'మీనమేషములు లెక్కించుట' యుండనే యున్నది. 'కింకర్తవ్యతామూఢత' సరిపడదు, దారియే తోచనివానికి అది పేరు, ఇతనికి దారులు రెండును కనబడుచునే యున్నవి. 'సంశయము'ను మాత్రము శాస్త్రమునకే విడిచిపెట్టుదము. తరగతిలో ఒక విద్యార్థి లేచి ప్రశ్నించినప్పుడు అతనిది ఏదియో ముందు విచారించి, సంశయమైనచో ప్రమాణము చూపుదము. విద్వన్మిత్రులు ఈ భేదమును పరిశీలింతురు గాక.