తిరిగివచ్చే సొమ్ము ఎవరిది?

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం నుండి ఒక సోదరుడు ఇలా వ్రాశారు: “కర్నూలు నుండి అమ్మానాన్నలు మా వద్దకు వస్తున్నారు. మెల్బోర్న్‌లో ఉంటున్న అక్కయ్య, బావగారు కూడా వచ్చి కలుస్తారు. ఆరుగురం కలసి క్రైస్ట్‌చర్చ్‌లో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని పద్నాలుగు రోజులు దక్షిణ ద్వీపం చూడాలనుకుంటున్నాము. ఖర్చు రెండు కుటుంబాలదీ చెరిసగం. ఒక క్యాష్‌బ్యాక్ సంస్థ ద్వారా బుక్ చేస్తే అద్దెలో నాలుగు శాతం తిరిగి ఇస్తామంటున్నారు. నా క్రెడిట్ కార్డుతో మొత్తం చెల్లించి, నాలుగు నెలల్లో తీర్చుకుందామని ఆలోచన. ఈ క్యాష్‌బ్యాక్ వడ్డీ అవుతుందా? తీసుకోవచ్చునా?”

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. అయితే ఇందులో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఆయన అడిగినది ఒక్కటే. అడగనివి రెండు, అవే బరువైనవి.

ముందుగా క్యాంపర్‌వ్యాన్ గురించి తెలియని పాఠకులకు ఒక మాట. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల తొట్టి, చాలావాటిలో మరుగుదొడ్డి కూడా అమర్చిన వాహనమది. పగలు బండి, రాత్రి గది. ముస్లిం కుటుంబానికి ఇందులో ఉన్న సౌలభ్యం చెప్పనలవి కాదు. హోటలు తిండి హలాలా కాదా అన్న సంశయం ఉండదు. క్రైస్ట్‌చర్చ్‌లోనే హలాల్ మాంసం కొని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సరి. వుజూకు నీళ్లు చేతికందుతాయి. నమాజు వేళకు సరస్సు పక్కన బండి ఆపుకుని జానిమాజ్ పరచుకోవచ్చు. వృద్ధులు అలసిపోతే వెనక్కి వెళ్లి నడుము వాల్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: బండితో ఇచ్చే గిన్నెలలో మునుపటి అద్దెదారులు ఏమి వండారో మనకు తెలియదు. వాటిని శుభ్రంగా కడిగిన తరువాతనే పొయ్యి మీద పెట్టాలి. ఇతరుల పాత్రల విషయంలో దైవప్రవక్త (స) సహచరులకు నేర్పిన పద్ధతి కూడా ఇదే.

ఇక మొదటి ప్రశ్న. క్యాష్‌బ్యాక్ అన్న సొమ్ము ఎక్కడి నుండి వస్తుంది? వాహనం అద్దెకిచ్చే సంస్థ, తన వద్దకు గిరాకీని పంపిన మధ్యవర్తికి కొంత కమీషన్ ఇస్తుంది. ఆ మధ్యవర్తి తన కమీషన్‌లో ఒక భాగాన్ని మనకు వదులుకుంటాడు. మన ఊళ్లో స్థలం అమ్మిపెట్టిన మధ్యవర్తి తనకు వచ్చిన రుసుములో కొంత కొనుగోలుదారుకు వదిలేయడం వంటిదే ఇది. ఇక్కడ అప్పు లేదు, అప్పుపై అదనమూ లేదు. కనుక ఇది వడ్డీ కాదు. ధరలో తగ్గింపుగానో, మధ్యవర్తి స్వచ్ఛందంగా ఇచ్చే కానుకగానో ధర్మవేత్తలు దీన్ని పరిగణిస్తారు. అద్దెకు తీసుకున్న వస్తువు, దాని వినియోగం హలాల్ అయితే ఈ తగ్గింపూ హలాలే.

అయితే ధర్మసమ్మతమైనదల్లా లాభసాటి కావాలని లేదు. నాలుగు శాతం అన్న మాట దేనిలో నాలుగు శాతం అన్నది చూడాలి. ఉదాహరణకు రోజుకు 300 డాలర్ల చొప్పున పద్నాలుగు రోజులకు 4,200 డాలర్ల అద్దె అనుకుందాం. ప్రమాదం జరిగితే మన బాధ్యతను తగ్గించే పథకానికి రోజుకు 50 చొప్పున 700. మొత్తం 4,900. సాధారణంగా క్యాష్‌బ్యాక్‌ను పన్నులు, బీమా, అదనపు సామగ్రి తీసివేసి లెక్కిస్తారు. న్యూజిలాండ్‌లో జీఎస్టీ 15 శాతం, అది ధరలోనే కలిసి ఉంటుంది. దాన్ని తీసివేస్తే 4,200 కాస్తా 3,652 అవుతుంది. అందులో నాలుగు శాతం 146 డాలర్లు. 4,900లో నాలుగు శాతమంటే 196 వస్తుందని అనుకున్నవారికి ఇక్కడే 50 డాలర్లు తగ్గాయి. ఆపైన అనేక సంస్థలు క్రెడిట్ కార్డుతో చెల్లిస్తే ప్రత్యేక రుసుము కలుపుతాయి. అది రెండు శాతం అనుకున్నా 98 డాలర్లు. మిగిలినది 48.

ఇంకొక ఖర్చు ఉంది, కొత్తవారికి ఇది తెలియదు. న్యూజిలాండ్‌లో డీజిల్ వాహనాలు నడిచిన దూరాన్ని బట్టి రోడ్డు పన్ను చెల్లించాలి. 3.5 టన్నుల లోపు బండికి ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్ల చొప్పున అది ఉంటూ వచ్చింది; బరువైన బండ్లకు రేట్లు వేరు. అద్దె సంస్థ దీన్ని ప్రయాణం ముగిశాక మన వద్ద వసూలు చేస్తుంది. రెండు వేల కిలోమీటర్లు తిరిగితే, చిన్న బండి రేటుతో లెక్కగట్టినా 152 డాలర్లు. అంటే క్యాష్‌బ్యాక్ మొత్తం కన్నా ఎక్కువే. ఈ పన్నును అద్దెలోనే కలిపి చెప్పే సంస్థ రేటు పైకి ఎక్కువగా కనిపిస్తుంది, విడిగా వేసే సంస్థ రేటు చౌకగా తోస్తుంది. పోల్చవలసినది చివరి బిల్లునే గాని మొదటి పేజీలోని రేటును కాదు.

ఇప్పుడు అడగని మొదటి ప్రశ్న: “నాలుగు నెలల్లో తీర్చుకుందామని.” సోదరుడు ఈ మాటను దారిన పోతూ అన్నట్లు అన్నారు. మొత్తం వ్యవహారంలో ఆగి చూడవలసినది దీని దగ్గరే. కార్డు వడ్డీ సంవత్సరానికి 20 శాతం అనుకుంటే, 4,900 డాలర్లను నాలుగు సమాన నెలసరి వాయిదాలలో తీర్చేటప్పటికి దాదాపు 204 డాలర్లు వడ్డీ కింద పోతాయి. 146 కోసం 204. లోకరీతిన చూసినా ఇది నష్టమే. కాని ఈ లెక్క తారుమారై, వడ్డీ 100, క్యాష్‌బ్యాక్ 146 అయినా మన సమాధానం మారదు. అల్ బఖరా సూరా 275వ ఆయతు వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించింది. వడ్డీలో ఎవరికి ఎంత మిగిలిందన్న దానిపై ఆ నిషేధం ఆధారపడలేదు. తల్లిదండ్రుల సంతోషం కోసం చేసే ప్రయాణంలోకి, వారికి తెలియకుండా, దాన్ని ఎందుకు రానివ్వాలి?

గడువులోగా మొత్తం చెల్లించేవారి సంగతి వేరా? దీనిలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. 2000వ సంవత్సరంలో రియాద్‌లో జరిగిన పన్నెండవ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, వడ్డీ షరతు ఉన్న క్రెడిట్ కార్డును, గడువులోగా చెల్లించే ఉద్దేశం ఉన్నా, వాడరాదని 108వ తీర్మానంలో పేర్కొన్నది. కొందరు ఉలమా మాత్రం, వడ్డీ పడకుండా చెల్లించే ఖచ్చితమైన ఏర్పాటు ఉన్నవారికి అవసరం మేరకు అనుమతించారు. అద్దె సంస్థలు జామీనుగా కొంత మొత్తాన్ని కార్డుపై నిలిపి ఉంచడం రివాజు; డెబిట్ కార్డును అంగీకరించే సంస్థలూ ఉన్నాయి. ముందుగా అడిగి తెలుసుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. బ్యాంకు స్వయంగా ఇచ్చే క్యాష్‌బ్యాక్‌ను, వ్యాపారి వైపు నుండి వచ్చే క్యాష్‌బ్యాక్‌ను కూడా ఒకే గాట కట్టరాదు. బ్యాంకులో మన నిల్వ అంటే బ్యాంకుకు మనమిచ్చిన అప్పే గనుక, దాని మూలంగా బ్యాంకు ఇచ్చే లాభాన్ని కొన్ని దారుల్ ఇఫ్తాలు అనుమతించవు. మీరు నమ్మే ముఫ్తీ సాహెబును అడగండి.

సోదరుని వద్ద ఇప్పుడు 4,900 డాలర్లు చేతిలో లేకపోతే? ప్రయాణాన్ని తగ్గించుకోవడమే సూటైన మార్గం. పద్నాలుగు రోజులు కాక తొమ్మిది రోజులు. క్రైస్ట్‌చర్చ్ నుండి టెకపో సరస్సు, అక్కడి నుండి క్వీన్స్‌టౌన్. దూరం ఐదు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు ఇంతకు మించి కూర్చోబెట్టడం సేవ కాదు, శిక్ష! లేదా తేదీలు జరపవచ్చు. అక్కడ వేసవి డిసెంబరు, జనవరి నెలల్లో. బడి సెలవులు, విదేశీ యాత్రికుల రద్దీ అప్పుడే. అదే బండి నవంబరులో, లేదా మార్చి దాటాక చెప్పుకోదగినంత చౌకగా దొరుకుతుంది. క్యాష్‌బ్యాక్ మిగిల్చేది పదులలో, తేదీ మార్పు మిగిల్చేది వందలలో.

సంస్థలను పోల్చేటప్పుడు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. మౌయి, బ్రిట్జ్, మైటీ అన్నవి మూడు సంస్థలు కావు, ఒకే యజమాని కంపెనీ పేర్లు. 2022లో అపోలో కూడా అందులో విలీనమైంది. కొత్త బండ్లు ఒక పేరుతో, పాతబడినవి తక్కువ ధరకు మరో పేరుతో తిరగడం ఈ రంగంలో మామూలే. రెండు మూడేళ్లు తిరిగిన బండి అయితేనేమి? పొయ్యి వెలిగి, వాన కారకుండా ఉంటే చాలు. రోజుకు ఒక్క డాలరుకే ఇచ్చే బండ్ల ప్రకటనలు కూడా కనిపిస్తాయి. ఒక ఊళ్లో పోగుపడిన వాహనాలను మరో ఊరికి చేర్చిపెట్టే ఏర్పాటు అది. గడువు కొద్ది రోజులే ఉంటుంది. కుర్రాళ్లకు బాగుంటుంది గాని, అమ్మానాన్నలతో అలా పరుగులు పెట్టలేము.

అద్దె ఒప్పందంపై సంతకం చేసే ముందు చదవాలి. క్యాష్‌బ్యాక్ వచ్చే ఏర్పాటు కూడా సున్నితమైనది: సంస్థ లింకు ద్వారానే వెళ్లాలి, మధ్యలో వేరే కూపను వాడినా, ఫోనులో తేదీలు మార్పించుకున్నా అది తెగిపోవచ్చు. డబ్బు ప్రయాణం ముగిసిన తరువాత కొన్ని వారాలకో నెలలకో గాని చేతికి రాదు. కనుక బుక్ చేసిన రోజునే వివరాలన్నీ భద్రపరచుకోవాలి. గడువుతో కూడిన లావాదేవీలను వ్రాసి పెట్టుకోవాలని అల్ బఖరా సూరా 282వ ఆయతు మనకు నేర్పింది. కొత్త ఖాతాదారునికి ఇచ్చే కానుక కోసం నాన్నగారి పేరుతో, అమ్మగారి పేరుతో దొంగ ఖాతాలు తెరవడం మాత్రం మోసం. పది డాలర్ల మోసమూ మోసమే.

అడగని రెండవ ప్రశ్నకు వద్దాం. ఖర్చు చెరిసగం, బుక్ చేసేది మాత్రం తమ్ముడు. మరి ఆ 146 డాలర్లు ఎవరివి? ఖాతా తన పేరుతో ఉన్నది గనుక తనవే అని తోచడం సహజం. కాని అక్కాబావల సగం వరకు ఆయన వకీలు, అంటే వారి తరఫున వ్యవహరించే ప్రతినిధి. ప్రతినిధికి లభించిన ధర తగ్గింపు అసలు యజమానికే చెందుతుందన్నది ఫిఖ్ గ్రంథాలలో స్థిరమైన విషయం. హనఫీ ధర్మవేత్తల దృష్టిలో ఒప్పందం కుదిరిన తరువాత అమ్మకందారు తగ్గించిన మొత్తం కూడా మొదటి ఒప్పందంలోనే కలిసిపోతుంది. ధర మొదటి నుండీ అంతే అన్నట్లు లెక్క. కనుక 4,900లో సగం 2,450 వసూలు చేసి, తిరిగివచ్చిన 146ను జేబులో వేసుకుంటే, బావగారి సొమ్ములో 73 డాలర్లు అమానతును మీరి తీసుకున్నట్లే. స్నేహితులు కలసి తిరిగేటప్పుడు, ఆఫీసు ఖర్చుపై వెళ్లేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది. బుక్ చేయడానికి పడిన శ్రమకు ప్రతిఫలంగా క్యాష్‌బ్యాక్ తాను ఉంచుకుంటానని ముందే చెప్పి, వారు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే అభ్యంతరం లేదు. తరువాత చెప్పడం వేరు; అప్పటికి మొహమాటం అడ్డొస్తుంది.

దక్షిణ ద్వీపం యాత్రకు క్రైస్ట్‌చర్చ్ నుండే బయలుదేరుతున్నారు గనుక, అన్నూర్ మస్జిదులో జుమా నమాజు కలిసేలా రోజు చూసుకోండి. 2019 మార్చి 15న ఆ మస్జిదులోను, లిన్‌వుడ్ మస్జిదులోను అమరులైన 51 మందిలో హైదరాబాదు, కరీంనగర్ ప్రాంతాల బిడ్డలు కూడా ఉన్నారు. కర్నూలు నుండి వచ్చిన అమ్మానాన్నలు అక్కడ దుఆ చేయకుండా కదలరు.  క్యాష్‌బ్యాక్ వచ్చేనాటికి వారు కర్నూలు చేరిపోయి ఉంటారు, అక్కాబావలకు ఆ సంగతి గుర్తుండకపోవచ్చు. కనుక వారికి పంపే ఖర్చుల పట్టికలోనే ఒక వరుస చేర్చండి: “రావలసిన తగ్గింపు, మీ వాటా 73.”